ఒక పొడుగు, రెండు పొట్టి

మార్చి 3, సోమవారం

అమ్మాయికి పని దొరికింది! ముందు ఈ ముక్క రాసుకుంటే గానీ మిగతాది రాయలేను. పొద్దున్నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

బడి పుస్తకాలు అచ్చు వేసే కంపెనీ. వాళ్ళు పంపిన పాఠాలను కంప్యూటర్లో పేజీలుగా పేర్చాలి. బొమ్మ ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత లావు ఉండాలి, అలాంటివి. పేజీ డిజైన్ అంటారట. ముందు మూడు పాఠాలు చేసి, 21వ తేదీ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు పంపాలి. నచ్చితే పర్మనెంటు. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. మాటలన్నీ ఈమెయిల్లోనే. ఫోన్ ఎత్తాల్సిన పని లేదు.

ఆ ఆఖరి మాట నాలుగుసార్లు చదివించుకున్నాను.

దానికి ఆరో ఏట జ్వరం వచ్చి చెవులు దెబ్బతిన్నాయి. మిషను పెట్టుకుంటే ఎదురుగా నిలబడి మాట్లాడిన మాట కొంత అందుతుంది. మిగతాది పెదాలు చూసి పట్టేస్తుంది. సన్న శబ్దాలు మాత్రం అసలు అందవు. ఇప్పుడు ముప్పై నాలుగు. ఏడు చోట్లకు వెళ్ళింది. ఏడు చోట్లా పని చూసి మెచ్చుకున్నారు, ఆ తర్వాత ఫోన్ మాట్లాడగలవా అన్నారు, ఆ తర్వాత కబురు చేస్తాం అన్నారు. వీళ్ళు మాత్రం చెవుల సంగతి అడగనే లేదు. ఆ కంపెనీ ఎక్కడుందో గానీ, అటు తిరిగి దండం పెట్టాను.

మా ఆవిడ, ఇది పరీక్షే కదండీ, ఉద్యోగం కాదుగా, అప్పుడే వీధంతా చాటకండి అంది. అప్పటికే పాలాయనకు, కింది వాటా వాళ్ళకు, ఎదురింటి టైలరుకు చెప్పేశాను. ఇంకెవరు మిగిలారులే అంది.

మార్చి 4, మంగళవారం

కంప్యూటర్ నేను తెచ్చిందే. పోయిన నెల ఒక ఆఫీసు మూసేస్తూ సామాన్లు అమ్మేసుకుంటుంటే తెచ్చాను. సీపీయూ డబ్బా నల్లగా, బరువుగా ఉంటుంది. బొమ్మలు బాగా కనబడటానికి లోపల వేరే కార్డు ఉందట, ఇటుక అంత. ఆ కార్డు చూస్తే డిజైన్ చేసేవాళ్ళు ఎగిరి గంతేస్తారని అమ్మినాయన అన్నాడు. మోసుకుంటూ మూడో అంతస్తు దాకా నేనే ఎక్కించాను. మాకు లిఫ్ట్ లేదు.

ఈ రోజు పొద్దున అమ్మాయి స్విచ్ వేస్తే లోపల ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఒక మూల చిన్న అక్షరాలు: నో సిగ్నల్. ఆపి మళ్ళీ వేస్తే వచ్చేసింది.

నేను రైల్వే గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. దీపం ఆరిన సిగ్నల్ కనబడితే ఎర్ర సిగ్నలే అనుకుని బండి ఆపాలి. అది మాకు మొదటి పాఠం. అదే చెప్పాను. మా ఆవిడ, ఉద్యోగమంతా సిగ్నల్ కోసం కాచుకున్నారు, ఇప్పుడు ఇంట్లో కూడా తెచ్చి పెట్టుకున్నారా అని నవ్వింది. అమ్మాయి ఆమె పెదాలు చూసి ఇంకా నవ్వింది.

మార్చి 6, గురువారం

నిన్న రెండు సార్లు రాలేదు. ఈ రోజు నాలుగు సార్లు.

గేటు రిజిస్టరులాగా ఒక పుస్తకం పెట్టాను. టైము, ఎన్నోసారికి వచ్చింది, ఫ్యాన్ తిరిగిందా, లైటు వెలిగిందా. అమ్మాయి, నాన్నా ఇది బండి కాదు, లేటైతే సంతకం పెట్టక్కర్లేదు అంది. అయినా ప్రతిసారీ వచ్చి నాకు చెబుతోంది. పొద్దున నేను ముందు వరండాలో రేడియో పెట్టుకుని కూర్చుంటాను కదా, అక్కడికే వచ్చి మూడు వేళ్ళు చూపించి వెళుతుంది. మూడోసారికి వచ్చింది అని.

వెనక సందులో ఎవరో వ్యాను కొన్నట్టున్నారు. పొద్దున్నే రివర్స్ తీస్తూ కీ కీ మని ఒకటే గోల.

మార్చి 8, శనివారం

డబ్బాను ఆటోలో సీటు మీద పడుకోబెట్టి, పక్కన నేను కూర్చుని, రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. ఆ షాపాయన్ను వీధిలో అందరూ కంప్యూటర్ డాక్టరు అంటారు. యాభై దాటిన మనిషి, పెద్ద పొట్ట, మోకాళ్ళ నొప్పులు. ఇళ్ళకు రాడు. మెట్లంటే ఆయనకు పడదు.

బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి స్విచ్ వేశాడు. వచ్చింది. తొమ్మిది సార్లు వేశాడు. తొమ్మిది సార్లూ వచ్చింది! నాకు తలకొట్టేసినట్టయింది. పిల్లాడికి జ్వరమని ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ గంతులేసినట్టు. డాక్టరు మాత్రం విసుక్కోలేదు. బాబాయ్ గారూ, ఇంటి మీద బెంగ ఏమో దీనికి, తీసుకెళ్ళండి, మళ్ళీ మొరాయిస్తే మీ అమ్మాయి గారిని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమనండి అన్నాడు. కేబుల్ ఒకటి కొత్తది ఇచ్చాడు. మంచి మనిషి.

ఇంటికొచ్చి టేబుల్ కింద నిలబెట్టి, నేను వరండాలో చెమట తుడుచుకుంటుంటే అమ్మాయి స్విచ్ వేసి వచ్చి చెప్పింది. నో సిగ్నల్.

మార్చి 10, సోమవారం

మొదటిసారికే వచ్చింది. దేవుడా, నీకు దండం.

మార్చి 11, మంగళవారం

మొదటి పాఠం పూర్తయింది! కప్ప గురించి. మూడో తరగతి పిల్లలకు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది. గుడ్డులోంచి తోకకప్ప, తోకకప్పకు కాళ్ళు, కాళ్ళు వచ్చాక తోక పోవడం. పేజీ కింద నుంచి పైకి మెలికలు తిరుగుతూ వెళుతుంది బొమ్మల వరస. పిల్లవాడి కన్ను జారకుండా అలా పెట్టాను అంది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. నాకు అప్పట్లో ఇలాంటి పుస్తకం ఇచ్చి ఉంటే తొమ్మిదిలోకి కూడా వెళ్ళేవాణ్ణేమో. ఆ మాటే అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, పదిలో తప్పేవారులెండి అంది.

ఈ పిల్లను నాకిచ్చినందుకు ఎవరికి చెప్పుకోను?

మార్చి 13, గురువారం

పదకొండోసారికి వచ్చింది. రెండో పాఠం సగంలో ఉంది. వచ్చాక ఇక ఆపకూడదని రోజంతా ఆన్‌లోనే ఉంచింది. సాయంత్రం కరెంటు పోయింది.

ఆ వ్యాను ఈ రోజు పదిసార్లు వెనక్కీ ముందుకూ తిప్పాడు. ఎవడికి నేర్పిస్తున్నాడో డ్రైవింగు.

మార్చి 17, సోమవారం

ఇరవై రెండు సార్లు. రాలేదు.

అమ్మాయి షాపాయనకు మెసేజ్ పెట్టింది. ఆయన మూడు ప్రశ్నలు అడిగాడట. ఫ్యాన్ తిరుగుతోందా? తిరుగుతోంది. లైటు వెలుగుతోందా? వెలుగుతోంది. బీప్ సౌండ్ ఏమైనా వస్తోందా? రావడం లేదు.

బీప్ కూడా లేదంటే మెయిన్ బోర్డు పోయినట్టేనండి, పాత మోడల్, ఇక్కడ దొరకదు, తెప్పించాలంటే పది రోజులు అన్నాడు.

పది రోజులు! శుక్రవారానికి నాలుగే ఉన్నాయి. రెండో పాఠం ఇంకా కాలేదు, మూడోది మొదలే పెట్టలేదు. చేసిందంతా ఆ డబ్బాలోనే ఉంది.

మధ్యాహ్నం అమ్మాయి ఫోన్లో కంపెనీకి ఉత్తరం టైపు చేసింది. నా వల్ల కాదు, వేరే ఎవరికైనా ఇవ్వండి, క్షమించండి అని. పంపలేదు. నాకు చూపించింది. నేను చదివి, ఒక్క రోజు ఆగు తల్లీ అన్నాను. ఆగితే ఏమవుతుంది నాన్నా అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగానే అంది.

ఆ దిక్కుమాలిన డబ్బాను మూడంతస్తులు మోసింది నేను. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు.

మార్చి 18, మంగళవారం, ఉదయం 8:10

గబగబా రాస్తున్నాను. రాయకపోతే కల అనుకుంటాను.

పొద్దున రేడియో పెట్టలేదు, మనసొప్పలేదు. అమ్మాయి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఊరికే, ఆఖరిసారి అని స్విచ్ వేసింది. నల్ల స్క్రీన్. వెంటనే ఆ వ్యాను మొదలెట్టాడు. కీ... కీ కీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఇంత బాధ నడుస్తుంటే! వాడికి నాలుగు అంటించి వద్దామని కిటికీ దగ్గరకు వెళ్ళి సందులోకి తొంగిచూశాను.

వ్యాను లేదు. అసలు వ్యాను పట్టేంత సందే కాదది.

అమ్మాయి మళ్ళీ స్విచ్ వేసింది. కీ... కీ కీ. నా వెనకనుంచి. టేబుల్ కింది నుంచి.

మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి డబ్బాకు చెవి ఆనించాను. మళ్ళీ వేయమని చేత్తో చూపించాను. ఒక పొడుగు, రెండు పొట్టి. మళ్ళీ. ఒక పొడుగు, రెండు పొట్టి. ముప్పై ఒక్క ఏళ్ళు స్టేషన్ నుంచి వచ్చే గంట దెబ్బలు లెక్కపెట్టి గేటు వేసినవాణ్ణి. మా గేటులో ఒకటి కొడితే వింటున్నావా అని, రెండు కొడితే బండి బయలుదేరిందని. గంట ఊరికే మోగదు. అవతల ఎవరో ఏదో చెబుతుంటేనే మోగుతుంది. నాకు తెలుసు. నాకు తెలుసు!

అమ్మాయి అబద్ధం చెప్పలేదు. దానికి రావడం లేదు. అడగాల్సింది చెవులున్న వాణ్ణి. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, వ్యాను అనుకుంటూ కూర్చున్నాను.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను. పైవాటా వాళ్ళ వాషింగ్ మెషిన్ అనుకుందట ఇన్నాళ్ళూ. రోజుకు అన్నిసార్లు బట్టలేమిటో, ఎంత శుభ్రం మనుషులో అనుకుందట!

8:40

షాపాయనకు ఫోన్ చేశాను. బాబూ, ఇది మోగుతోంది అన్నాను. ఎలా మోగుతోంది బాబాయ్ గారూ అన్నాడు. నోటితో ఊదాను. కీ... కీ కీ. అర్థం కాలేదు, మళ్ళీ ఊదండి అన్నాడు. ఊదాను. మొదటిది ఎంత పొడుగు అన్నాడు. కొలిచి ఊదాను. ఐదు సార్లు ఊదించాడు. మా ఆవిడ తలుపు మూసేసింది, మెట్ల మీద జనం నిలబడి వింటున్నారని.

ఆఖరికి ఆయన, బోర్డు పోలేదు బాబాయ్ గారూ, బోర్డు చక్కగా ఉంది, అదే అరుస్తోంది, డిస్‌ప్లే కార్డు అందడం లేదని చెబుతోంది, కదపకండి, నేనే వస్తున్నా అన్నాడు.

మూడో అంతస్తు అన్నాను. తెలుసు అన్నాడు.

మధ్యాహ్నం 1:00

వచ్చాడు! ఆ మోకాళ్ళతో. అంతస్తుకొకసారి మెట్టు మీద కూర్చుని, మా ఆవిడ పట్టుకెళ్ళిన నీళ్ళు తాగుతూ ఎక్కాడు. మా గుమ్మంలోకి వచ్చి, మీ అమ్మాయి ఉద్యోగం సంగతి నాకు టైలరు చెప్పాడండీ, లేకపోతే నా ప్రాణం పోయినా ఎక్కేవాణ్ణి కాదు అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. వీధంతా చాటింది ఎవరు మరి!

డబ్బా పక్క రేకు తీశాడు. లోపల ఆ ఇటుకంత కార్డు ఒక పక్కకు వాలిపోయి ఉంది. దాన్ని బిగించే స్క్రూ లేదు. ఎప్పుడు పోయిందో, ఎవరు తీశారో. డబ్బా నిలబెడితే కార్డు బరువుకు కిందికి వంగి పట్టు తప్పుతోంది. షాపులో అడ్డంగా పడుకోబెట్టాడు కాబట్టి కార్డు నిటారుగా నిలబడింది, తొమ్మిదిసార్లూ పలికింది. నా బల్లే నన్ను మోసం చేసిందండీ అని నెత్తి కొట్టుకున్నాడు.

కార్డు బయటికి లాగి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. నల్ల మట్టి వచ్చింది. మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టి, జేబులోంచి స్క్రూ తీసి బిగించాడు. జేబునిండా స్క్రూలే ఆయనకు.

స్విచ్ వేశాడు. ఒక్క పొట్టి కీ. అంతే. స్క్రీన్ వెలిగింది!

ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అయ్యో బాబాయ్ గారూ ఏంటిది, కనిపెట్టింది మీరు, స్క్రూ తిప్పింది నేను అన్నాడు. కప్ప పాఠం చూపిస్తే కింద కూర్చుని మొత్తం చదివాడు. దిగడం ఎక్కడం కన్నా కష్టమట ఆయనకు. నా భుజం మీద చెయ్యి వేయించుకుని నేనే దింపాను.

మార్చి 19, బుధవారం

ఇప్పుడు అమ్మాయి స్విచ్ వేసే ముందు నన్ను పిలుస్తోంది. వచ్చిన మోత వచ్చినట్టు దాని భుజం మీద వేలితో కొడతాను. ఒక పొట్టి అంటే అంతా బాగుందని. ఐదుసార్లు వేసింది, ఐదుసార్లూ ఒక పొట్టే.

జ్వరం రాకముందు గేటు గదికి వచ్చి నా ఒళ్ళో కూర్చుని గంటలు లెక్కపెట్టేది. అది దానికి గుర్తుందని నాకు తెలియదు. రెండు కొడితే నాకంటే ముందు ఎర్రజెండా తెచ్చేదాన్ని కదా అంది.

తర్వాత, ఇన్నాళ్ళూ ఇది అరుస్తూనే ఉందా నాన్నా అని అడిగింది. ఉంది తల్లీ అన్నాను. ఎన్నిసార్లు? రిజిస్టరు తీసి కూడాను. అరవై మూడు సార్లు. పాపం, అంది డబ్బా మీద చెయ్యేసి, అరవై మూడుసార్లు చెప్పింది, నేనే వినిపించుకోలేదు.

నువ్వు కాదమ్మా, నేను అన్నాను. అది నా మొహం చూసి, వ్యాను, అంది. వ్యాను! అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆవిడ వచ్చి ఏమిటంటే ఇద్దరం వాషింగ్ మెషిన్ అన్నాం.

మార్చి 20, గురువారం

అన్నం కూడా అక్కడే. మూడో పాఠం, వాన నీళ్ళు ఎక్కడికి పోతాయి.

మార్చి 21, శుక్రవారం, సాయంత్రం 4:20

పంపేసింది. నలభై నిమిషాలు ముందే! కరెంటు పోలేదు. కరెంటాఫీసు వాళ్ళు చల్లగా ఉండాలి.

మార్చి 24, సోమవారం

ఇంకా ఏమీ రాలేదు. ఏడు చోట్లు గుర్తుకొస్తున్నాయి. నేను పైకి అనడం లేదు.

మార్చి 26, బుధవారం

వచ్చింది! వచ్చింది! ఏప్రిల్ ఒకటి నుంచి పర్మనెంటు!

ఉత్తరం నాలుగు లైన్లే. కప్ప పాఠం మా ఆఫీసులో అందరం చూశాం, పిల్లల కన్ను తెలిసిన మనిషి మీరు అని రాశారు. కింద ఇంకో లైను. మీకు ఫోన్ నంబరు లేదా, ఏదైనా అవసరమైతే మాట్లాడటానికి అని.

మళ్ళీ ఫోనే! అమ్మాయి ఆలోచించనే లేదు. టకటకా కొట్టింది. నాకు వినపడదు, రాస్తే చాలు, రాసింది ఏదీ మరిచిపోను అని. నేను వద్దనబోయాను. అప్పటికే పంపేసింది.

ఆరు నిమిషాలు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

జవాబు: సరే. అయితే రాస్తూనే ఉంటాం. రెండో తరగతి లెక్కల పుస్తకం పంపుతున్నాం.

సరే అట! ఇంత పెద్ద సంగతికి సరే అట! ఇంతకంటే మంచి మాట నా డెబ్బై ఒక్క ఏళ్ళలో వినలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను అక్కడే, అమ్మాయి ముందే ఏడ్చాను. అమ్మాయి ఏడవలేదు. కుర్చీలో గిర్రున తిరిగింది, మూడుసార్లు.

షాపాయనకు, టైలరుకు, పాలాయనకు, కింది వాటాకు చెప్పొచ్చాను. ఈసారి మా ఆవిడే, పైవాటా వాళ్ళకు చెప్పారా అని అడిగింది. వాళ్ళ వాషింగ్ మెషిన్ను అనవసరంగా అనుమానించింది కదా.

మార్చి 27, గురువారం

అమ్మాయి ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నాన్నా, డబ్బా అరుస్తోందని నాకు తెలియనే తెలియదు, మనింట్లో ఇంకా ఏమేం మోగుతాయి, అన్నీ రాసివ్వు అంది.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. మేమూ చెప్పలేదు. గుర్తు చేసి బాధపెట్టడం ఎందుకని.

రెండు రోజులు టైమివ్వు అన్నాను. ఇల్లంతా తిరిగి వింటున్నాను.

మార్చి 30, ఆదివారం

ఫ్రిజ్, గంటకోసారి గురక. వరండా తలుపు, వేస్తే మూలుగుతుంది, తీస్తే మూలగదు. అమ్మ గాజులు, పిండి కలిపేటప్పుడు. గడియారం, చిన్న ముల్లు ఆరు దాటాక గట్టిగా. నా మోకాలు, లేచినప్పుడు. పంపు, మూసినా ఏడు చుక్కలు.

ఇలా నలభై ఒకటి రాసి కాగితం ఇచ్చాను.

నలభై రెండోది ఇవ్వలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను. పని బాగా సాగుతుంటే అమ్మాయి కూనిరాగం తీస్తుంది. చిన్నప్పటి నుంచీ. దానికి తెలియదు. చెబితే మానేస్తుందని భయం.

ఇప్పుడు లెక్కల పుస్తకం చేస్తోంది. తీస్తోంది.